గొఱ్ఱెలను తోలకముందు బీటిలోని కలుపు

పంటచేనికి కలుపు తీయవలెనని మన స్త్రీలకు వేఱుగ చెప్పవలసిన పని లేదు. తరతరములుగ ఆ పని మన చేతులదే. కాని గొఱ్ఱెలు మేయు బీటికిని కలుపు తీయవలెనన్నచో పెక్కురు నవ్వుదురు. “గొఱ్ఱె తినని ఆకేదమ్మా? అదే మేసి శుభ్రము చేయదా?” యని వారి వాదము. ఇందు సగమే సత్యము. గొఱ్ఱె యేరుకొని మేయు జంతువు. మెత్తని గరికను, లేత తీగలను ముందు కొఱికి, చేదైన మొక్కను విడిచిపెట్టును. అట్లు విడిచిన మొక్కకు పోటీ తప్పి, నీరును వెలుతురును దానికే దక్కును. అది పూచి కాచి రాలిన పిదప, మఱుసటియేటికి బీడంతయు దానిదే. అప్పుడు పచ్చిక చాలక ఆకలిగొన్న మంద, మునుపు మూతి త్రిప్పుకొన్న ఆకునే మేయును. ఆపద వచ్చునది అప్పుడే.

మా వీథిలో నొక యిల్లాలు పొదుపు సంఘమున అప్పు తెచ్చి 6 గొఱ్ఱెలను కొన్నది. ఆషాఢమున వానిలో రెండింటికి చెవులు వాచి, కన్నులు పచ్చబడి, మేత నిలిచిపోయినది. ఒకటి దక్కలేదు. గొఱ్ఱె పోయినను నెలవాయిదా పోదు గదా! గట్టున నున్న లాంటానా కంపయే యిందులకు మూలమని పశువైద్యుడు చెప్పినాడు. తలంబ్రాల చెట్టని కొందఱు ముద్దుగ పిలుచు నీ మొక్కను 1809లో కలకత్తా తోటకు అందము కొఱకు తెచ్చిరట. దీని విషము కాలేయమును చెఱచును. పైత్యరసము కదలక, ఆకుపచ్చదనమునుండి పుట్టిన యొక పదార్థము నెత్తుట నిలిచి, ఎండ సోకగనే చర్మమును కాల్చును. నెల్లూరు జాతిలో తెల్లని పల్ల గొఱ్ఱెలకు ఈ బాధ మఱింత హెచ్చు. అట్టి గొఱ్ఱెను వెంటనే నీడకు చేర్చి వైద్యుని పిలువవలెను, పసరుమందులతో ప్రొద్దుపుచ్చరాదు.

ఇక వయ్యారిభామ. ఈ పేరు పెట్టినవారెవరో గాని, మన జాతిపై కినుక గలవారు కాబోలు! 1955 ప్రాంతమున పూనా యొద్ద కానవచ్చి, దేశమంతయు నిండినది. మొలచిన నెల, నెలన్నరలోనే పూయును. ఒక్క మొక్క 10,000కు పైగా విత్తులు రాల్చగలదు. కావున తొలకరి పడిన రెండు మూడు వారములలో, నేల తడిగా నున్నప్పుడే, పూవు విచ్చకముందు వేరుతో పెఱుకవలెను. కొడవలితో కోసినచో మొదటినుండి మరల చిగుర్చును. పూయని మొక్కలను ఎరువుగోతిలో వేయవచ్చును, పూచినవానిని వేయరాదు.

మేము గట్టిగ చెప్పదలచిన దొకటి కలదు. మందు చల్లు పురుషునకు ముఖమునకు గుడ్డయు చేతికి తొడుగును దొరకును గాని, పెఱుకు ఆడుదానికి ఏదియు దొరకదు. వయ్యారిభామ తాకిన దురదపొక్కులు లేచును. పుప్పొడి పీల్చిన కొందఱికి ఉబ్బసము వచ్చును. చేతికి తొడుగు లేనిదే, నిండు చేతుల రవిక లేనిదే ఎవరినిగాని ఈ పనికి దింపరాదు. కూలి యిచ్చువారే యీ తొడుగులును ఇయ్యవలెను. ఆకులపై చారలుగల చిన్న పెంకుపురుగులు కనబడినచో చంపకుడు. 1984లో బెంగుళూరు యొద్ద విడిచిన ఈ పురుగు వయ్యారిభామనే మేయును.

పల్లేరు, ఉత్తరేణి, మరులమాతంగి మొదలగువానిని కాయ ముదరకముందే తీసివేయుట మేలు. దక్కనీ గొఱ్ఱె ఉన్నిలో వీని ముండ్లు చిక్కినచో తీయుట బ్రహ్మతరము గాదు. పెఱికినదానిని బీటిలో కుప్పవేయరాదు. పచ్చిగ నున్నపుడు తాకని విషపుమొక్కను వాడిన పిదప గొఱ్ఱెలు తినుట కలదు.

లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లుడని కొందఱు చెప్పుదురు. గట్లకును దారి ప్రక్కలకును సరే. పచ్చిక పెరుగవలసిన నేలకు ఉప్పు పోయుట మాకు సమ్మతము కాదు. కలుపుమందు కొట్టినచో డబ్బాపై వ్రాసిన గడువు తీఱువఱకు మందను తోలరాదు.

పెఱికినచోటు ఖాళీగ నున్నచో కలుపే మరల వచ్చును. ఆ తడిలోనే అంజన్ గడ్డి, స్టైలో విత్తులు చల్లవలెను. స్టైలో విత్తు పైతొక్క గట్టిది. 80 డిగ్రీల వేడినీటిలో 4 నిమిషములుంచి, ఆరబెట్టి చల్లిన చక్కగ మొలచును. అది వేరూనువఱకు మందను రానీయకుడు.

మంద దిగు దినమున ముందుగ దొడ్డిలో ఎండుమేత వేసి, ఆకలి తీర్చి, ఒక గంట మాత్రము మేపుడు. ముందునాళ్ళలో సర్కారు తుమ్మకాయలు మేసిన మందయైనచో మూడు దినములు దొడ్డిలోనే కట్టివేయుడు. ఆ గింజలు కడుపులో చావక పెంటతో వచ్చి మొలచును గావున, ఆ పెంటను బీటిలో చల్లక గోతిలో మాగవేయవలెను.