యోసేపు ఎముకలు నేర్పే పాఠం

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయాన్ని విశ్వాసవీరుల పట్టిక అంటారు. అందులో యోసేపు పేరు కూడా ఉంది. అయితే ఆయన విశ్వాసానికి గుర్తుగా అక్కడ రాసిన సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది. పోతీఫరు భార్యను కాదని చెరసాలకు వెళ్లిన యోసేపు, పగబట్టిన అన్నలను క్షమించిన యోసేపు, కరవులో ఐగుప్తుకు అన్నం పెట్టిన యోసేపు అక్కడ కనిపించడు. చనిపోయే ముందు తన ఎముకలను ఏం చేయాలో చెప్పి ఉంచిన యోసేపే కనిపిస్తాడు (హెబ్రీ 11:22). 110 ఏళ్ల జీవితంలోంచి వాక్యం ఏరి చూపించిన విశ్వాసకార్యం అది! దేవుడు తన ప్రజలను వాగ్దాన దేశానికి తప్పక చేరుస్తాడని నమ్మాడు గనుకనే యోసేపు తన మరణం గురించి అంత స్పష్టంగా మాట్లాడగలిగాడు. మరి అదే మాట మన ఇళ్లలో ఎత్తితే అది 'అవిశ్వాసపు మాట' ఎందుకవుతోంది?

మా సంఘంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉండేవారు. ఎనభై దాటిన వయసు, పైగా గుండెజబ్బు. ఒకరోజు ఉన్నట్టుండి కుప్పకూలితే ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద పెట్టారు. రెండు వారాల తర్వాత, ఇక కోలుకునే ఆశ లేదని, ఏం చేయమంటారో చెప్పమని డాక్టర్లు అడిగారు. అమెరికాలోని పెద్దకొడుకు 'నేను వచ్చేదాకా ఉంచండి' అన్నాడు. ఇక్కడున్న చిన్నకొడుకు 'నాన్నను ఇంకా బాధపెట్టొద్దు' అన్నాడు. తండ్రి ఏం కోరుకున్నాడో ఇద్దరికీ తెలియదు. ఆయన కన్నుమూశాక, సొంతూళ్లో భార్య సమాధి పక్కనా లేక నగరంలోనా అని మరో తగవు. భూస్థాపన రోజున అన్నదమ్ములిద్దరూ సమాధికి చెరో వైపు నిలబడ్డారు. ఏడవాల్సిన సమయమంతా వాదనల్లోనే గడిచిపోయింది. ఆదరణ కూడిక అయ్యాక కూతురు మా దగ్గరికొచ్చి, "నాన్న రెండు మూడుసార్లు చెప్పబోయారు అయ్యగారూ, అలాంటి మాటలొద్దు నాన్నా అని మేమే నోరు మూయించాం" అని భోరుమంది. మేము తల దించుకున్నాం. ఎందుకంటే ఆ పెద్దాయన ఒకసారి మాతో కూడా ఆ మాట ఎత్తారు. 'మీకేం కాదు, ప్రార్థన చేద్దాం' అని మేము కూడా ఆపేశాం. ఏళ్ల తరబడి వేదాంతం చదివిన మాకు, చావు గురించి మాట్లాడాలనుకున్న ఒక విశ్వాసి మాట వినే ఓపిక లేకపోయింది.

వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం విశ్వాసుల్లోనూ ఉంది. హిజ్కియా రాజు సంగతి చూడండి. మరణం దగ్గర పడింది గనుక ఇల్లు చక్కబెట్టుకోమని దేవుడే ప్రవక్తచేత కబురు పంపాడు (యెషయా 38:1). ఆ కబురు అందిన రాజు ఆ తర్వాత మరో 15 ఏళ్లు బతికాడు! ఆయుష్షు దేవుని చేతిలో ఉంది, కాగితంలో లేదు. ఇల్లు చక్కబెట్టడం మాత్రం మన చేతిలో ఉంది.

వీలునామా లేకుండా క్రైస్తవుడు చనిపోతే అతని ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడోవంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా చెందుతాయి. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. 'కట్నమిచ్చి పంపాం కదా' అనే మాట ఆ చట్టం ముందు చెల్లదు. ఇంకోలా పంచాలనుకుంటే వీలునామా రాసి, అందులో ఏమీ రాని ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వారి సంతకాలూ తీసుకోవాలి. పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుందని కూడా చాలామందికి తెలియదు.

ఇక ఆసుపత్రి సంగతి. కోలుకునే ఆశ లేని స్థితిలో, తాను మాట్లాడలేనప్పుడు ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నియమం ఉండేది. 2023 జనవరిలో ఆ ఇబ్బంది తొలగించారు. ఇద్దరు సాక్షుల సంతకాలతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. మన తరఫున నిర్ణయం తీసుకోవాల్సిన వారి పేర్లు కూడా అందులో రాయాలి. ఆ తర్వాత కూడా వైద్యుల బృందాలు రెండు అంచెల్లో పరిశీలించాకే ముందుకెళ్తారు. ఇది ప్రాణం తీయడం కాదా అని కొందరు విశ్వాసులు మమ్మల్ని అడుగుతారు. ప్రాణం తీసే అధికారం మనకు లేదు. కానీ దేవుడు పిలుస్తున్న మనిషిని యంత్రాలతో కట్టి ఉంచడం కూడా మన బాధ్యత కాదు. యంత్రాన్ని ఆపినంత మాత్రాన సేవ ఆగదు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ నర్సు, డాక్టరు, క్రీస్తు విశ్వాసి. నయం చేయలేని రోగికి నొప్పి తగ్గించి, పక్కన కూర్చోవడం కూడా వైద్యమేనని ఆమె లోకానికి నేర్పింది. మన హైదరాబాద్‌లోని ఎమ్మెన్జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ అలాంటి పాలియేటివ్ సేవలున్నాయి.

భూస్థాపన విషయంలోనూ మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. నగరాల్లో సమాధుల తోటలు నిండిపోతున్నాయి. ఒకే కుటుంబపు సమాధిని మళ్లీ తెరిచి వాడుకోవడం మామూలైపోయింది. కొందరు దహనం కోరుకుంటున్నారు, కొందరు వైద్య కళాశాలకు దేహాన్ని రాసిస్తున్నారు. మట్టిలో పెట్టకపోతే పునరుత్థానం ఎలా అని కంగారుపడేవారికి మేము చెప్పేది ఒకటే. రెండో శతాబ్దంలో స్ముర్న సంఘ కాపరి పోలికార్పును విశ్వాసం కోసం నిప్పుల్లో కాల్చేశారు. ఆయన్ను లేపడం దేవునికి కష్టమా? మట్టినుంచి మనిషిని చేసిన దేవునికి బూడిద అడ్డం కాదు. భూస్థాపన మన సంప్రదాయం, అందమైన సాక్ష్యం కూడా. అయితే అది రక్షణకు షరతు కాదు. అప్పు చేసి ఖరీదైన పెట్టె, పాలరాతి సమాధి, ఆదరణ కూడికకు పెళ్లిని మించిన భోజనాలు అంతకన్నా కాదు.

మా సంఘంలోని ఒక మామ్మగారు ఈ విషయంలో మాకే గురువయ్యారు. ఆమె కన్నుమూశాక బైబిలు సంచిలో ఒక నోటుపుస్తకం కాగితం దొరికింది. పాడాల్సిన మూడు పాటలు, కట్టాల్సిన తెల్లచీర, మామూలు చెక్కపెట్టె, ఎవరికి ఎంత బాకీ, చెవిదిద్దులు ఏ మనవరాలికి, అన్నీ రాసి ఉన్నాయి. ఖర్చుకు డబ్బు పోస్టాఫీసులో దాచి ఉంచారు. 'భోజనాలు పెట్టొద్దు, ఆ డబ్బుతో హాస్టలు పిల్లలకు దుప్పట్లు కొనండి' అన్నది చివరి వాక్యం. ఆమె పిల్లలకు ఆ రోజు నిర్ణయించాల్సిందేమీ మిగల్లేదు. వాళ్లు తల్లి కోసం మనసారా ఏడ్చారు, సాయంత్రం ఆమె మాటలు చెప్పుకుని నవ్వుకున్నారు కూడా.

ఆ ఏడుపు అవసరం. విశ్వాసి ఏడవకూడదని బైబిలు ఎక్కడా చెప్పలేదు. నిరీక్షణ లేనివారిలా దుఃఖపడొద్దనే పౌలు రాశాడు (1 థెస్స 4:13). కొద్దిసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసుప్రభువు కన్నీళ్లు విడిచాడు (యోహాను 11:35). ఇశ్రాయేలీయులు మోషే కోసం 30 రోజులు ఏడ్చారు (ద్వితీ 34:8). మనం మాత్రం మూడో రోజుకే 'ఊరుకోండి, దేవుని చిత్తం' అంటాం. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా నేలమీద కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే, నోరు తెరిచాకే చెడ్డారు. అందరూ వెళ్లిపోయాక, మూడో నెలలో, మొదటి క్రిస్మస్‌కు వెళ్లి పక్కన కూర్చునే విశ్వాసులే ఆ ఇంటికి నిజమైన ఆదరణ.

సిలువ మీద శ్వాస అందని స్థితిలో కూడా యేసుప్రభువు తన తల్లి ఎవరింట్లో ఉండాలో ఏర్పాటు చేశాడు (యోహాను 19:26-27). మూడో రోజున లేస్తానని తెలిసినవాడే ఆ బాధ్యత మరవలేదు! ఆ ఉపాధ్యాయుడి భూస్థాపన తర్వాత మేము, మా ఇంటి ఆమె కూర్చుని మా కాగితాలు రాసుకున్నాం. పిల్లల్ని పిలిచి చదివి వినిపించాం. మొదట వాళ్లు వద్దన్నారు, తర్వాత శ్రద్ధగా విన్నారు. చివరికి అందరం కలిసి ప్రార్థన చేశాం. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ ఇంట్లోని పెద్దవారు అలాంటి మాట ఎత్తితే దయచేసి వారిని ఆపకండి. వాళ్లు ఎత్తకపోతే మీరే మెల్లగా అడగండి. యోసేపు చెప్పిన మాటను అతనివాళ్లు విన్నారు గనుకనే, తరాలు గడిచాక మోషే ఆ ఎముకలను వెంట తీసుకుని బయల్దేరాడు (నిర్గమ 13:19). అరణ్యమంతా ఆ పెట్టె వాళ్లతో నడిచింది, వాగ్దాన దేశం ముందుందని గుర్తుచేస్తూనే ఉంది.