కథలో రాక్షసుడి ప్రాణం ఎక్కడుండాలి?

తెలుగు సంఘాల్లో పిల్లలకు కథల పోటీ పెడితే ఎక్కువగా వచ్చేవి దయ్యాల కథలు, రాక్షసుల కథలే. రాక్షసుడికి పది తలలు, నిప్పుల్లాంటి కళ్లు, రక్తం కారే కోరలు అన్నీ పెడతారు. చదివితే మాత్రం భయం వేయదు. అదే పిల్లలతో ఇంట్లో ‘బూచాడొస్తున్నాడు’ అనండి. వాడెలా ఉంటాడో ఎవరూ చెప్పకపోయినా గబుక్కున అమ్మ కొంగు పట్టుకుంటారు. ఈ తేడా ఎక్కడుందో తెలిస్తే మంచి రాక్షసుణ్ని తయారు చేయడం కష్టం కాదు. సెలవుల్లో మనవళ్లు, మనవరాళ్ల చేత తెలుగులో నాలుగు వాక్యాలు రాయించాలనుకునే పెద్దలకు ఇది పనికొస్తుందని మా ఆశ.

మొదటి సంగతి, పూర్తిగా చూపించకపోవడం. మనం స్థిరపడిన ప్రతిచోటా బూచాడికి చుట్టాలున్నారు. కన్నడంలో గుమ్మ, తమిళంలో పూచ్చాండి, మరాఠీలో బాగుల్‌బువా. పురందరదాసు కీర్తనలో చిన్ని కృష్ణుడంతటివాడే గుమ్మను పిలవొద్దని తల్లిని బతిమాలుకుంటాడు. వీళ్లలో ఎవరికీ ఫలానా రూపమని లేదు. ఏ పిల్లవాడి భయాన్నిబట్టి ఆ పిల్లవాడే రూపం కట్టుకుంటాడు. 1975లో వచ్చిన ‘జాస్’ సినిమాకు తయారు చేసిన యంత్రపు సొరచేప సముద్రపు నీళ్లలో మాటిమాటికీ పాడైంది. అందుకని దర్శకుడు స్పీల్‌బర్గ్ చాలాసేపు చేపను చూపించకుండా నీళ్లతోనూ సంగీతంతోనూ నడిపించాడు. జనం మరింత భయపడ్డారు.

రెండోది, మన గుమ్మం దాకా రావడం. ఎక్కడో అడవిలో ఉన్న రాక్షసుడితో మనకేం పని? 1990ల్లో బెంగళూరులోనూ కర్ణాటకలోని మరికొన్ని ఊళ్లలోనూ ఇళ్ల తలుపుల మీద ‘నాళె బా’ అని రాసుకున్నారు. రేపు రా అని అర్థం. రాత్రిపూట ఒక దయ్యం వచ్చి, ఇంట్లోవాళ్లకు తెలిసిన గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే అంతేనని పుకారు. తెలుగునాట ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసిందీ ఇలాంటి భయంతోనే. ఆ దయ్యానికి కోరలున్నాయని ఎవరూ చెప్పలేదు. తెలిసిన గొంతు చాలు. మనకు నమ్మకమున్నదాన్నే అనుమానించాల్సి రావడం కంటే పెద్ద భయం లేదు.

మూడోది, నియమం. ఎప్పుడు పడితే అప్పుడు, ఎవరిని పడితే వాళ్లను తినేసే రాక్షసుడు కాసేపటికి విసుగు పుట్టిస్తాడు. భారతంలో బకాసురుణ్ని చూడండి. ఏకచక్రపురంలో రోజుకొక ఇల్లు వంతున బండెడు అన్నం, రెండు దున్నలు, ఒక మనిషి వెళ్లాలి. పాండవులు తలదాచుకున్న ఇంటికి ఆ వంతు వచ్చింది. నేను వెళ్తానంటే నేను వెళ్తానని తండ్రి, తల్లి, కూతురు ఏడుస్తుంటే, మాటలు కూడా సరిగా రాని చిన్నపిల్లవాడు గడ్డిపరక పట్టుకుని, దీంతో ఆ రాక్షసుణ్ని చంపేస్తానంటాడు. బకాసురుడు ఇంకా కథలోకి రానే లేదు, మనకు అప్పటికే గుండె బరువెక్కింది. వంతు అనే ఒక్క నియమం ఈ పని చేసింది. ఇంటి పేర్ల జాబితాలో మన పేరు ఎన్నో వరసలో ఉందో లెక్కపెట్టుకునేలా చేసింది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. రాక్షసుడి ప్రాణం ఎక్కడో ఒకచోట ఉండాలి. హిరణ్యకశిపుడు పగలు గానీ రాత్రి గానీ, ఇంట్లో గానీ బయట గానీ చావకూడదని వరం పొందాడు. అంత పకడ్బందీ వరంలోనూ సంధ్యవేళ, గడప మిగిలిపోయాయి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఎంత దూరమైనా, ఉన్నట్టు తెలిసింది కాబట్టే కథ ముందుకు నడుస్తుంది, వినే పిల్ల ఊపిరి పీల్చుకుని నిద్రపోతుంది.

ఇప్పుడు ఒకదాన్ని తయారు చేసి చూద్దాం. పిల్లల్ని ముందు ‘నీకు ఎక్కడికి ఒంటరిగా వెళ్లాలంటే భయం?’ అని అడగండి. మేడమీద నీళ్ల ట్యాంకు దగ్గరికి అన్నారనుకోండి. అక్కడొకటి ఉంటుంది. అది కరెంటు పోయినప్పుడే దిగి వస్తుంది. ఇది నియమం. పైపుల్లోంచి విన్న మాటలను ఇంట్లోవాళ్ల గొంతుతోనే పలుకుతుంది. ఇది భయం. కానీ విన్న మాటలు తప్ప సొంత మాట ఒక్కటీ రాదు. ఇది దాని ప్రాణం. చీకట్లో నాయనమ్మ గొంతు పిలిస్తే పిల్ల తలుపు తీయకుండా ఒక పొడుపుకథ వేస్తుంది. నాయనమ్మ అయితే విప్పుతుంది, అది విప్పలేదు. ఏ పొడుపుకథ వేయాలో మాత్రం పిల్లలు అసలు నాయనమ్మనే అడిగి తెలుసుకోవాలి. మనకు కావాల్సిందీ అదే.

పెద్దలకు ఇంకొక మాట. పైన చెప్పిన ఉపాయాలన్నీ పుకారుకూ తెలుసు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో ఒక వీడియో తిరిగింది. మోటారు సైకిల్ మీద వచ్చినవాళ్లు వీధిలో పిల్లవాణ్ని ఎత్తుకుపోతారు. అది నిజానికి కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. అసలు వీడియో చివర్లో పిల్లవాణ్ని వెనక్కి తెచ్చి దింపి, జాగ్రత్తగా ఉండమని రాసిన అట్ట చూపిస్తారు. తిరిగిన వీడియోలో ఆ ముగింపు కత్తిరించేశారు. అంటే రాక్షసుణ్ని ఉంచి, ప్రాణమున్న చిలకను తీసేశారు. ఆ జూలైలో హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వెళ్లిన యువకులు అక్కడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. ఎత్తుకుపోయేవాళ్లని పుకారు లేచి జనం వెంటపడి కొడితే ఒకరు చనిపోయారు. ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెడుతున్నట్టు వాట్సాప్ ఆ నెలలోనే ప్రకటించింది.

పుకారు రాక్షసుడికి ఎప్పుడూ ఊరికి కొత్తవాళ్ల ముఖమే పెడతారు, వేరే భాష మాట్లాడేవాళ్ల ముఖమే పెడతారు. తరతరాలుగా పొరుగు రాష్ట్రాల్లో ఉంటున్న మనకు ఇది ఒకరు చెప్పాల్సిన విషయం కాదు. మనమూ తక్కువ తినలేదు. బాలనాగమ్మ కథలో ఆ మాంత్రికుడికే ‘మాయల మరాఠీ’ అన్న పేరూ ఉంది. 1942 నాటి జెమినీ వారి సినిమాలోనూ అదే పేరు. షోలాపూర్‌లోనో ముంబైలోనో ఉన్న మన ఇంటి పిల్లకు ఈ కథ చెప్పేటప్పుడు ఫకీరూ వద్దు, మరాఠీ వద్దు. ఉత్త మాంత్రికుడంటే చాలు, కథకు ఏ లోటూ రాదు.

కాబట్టి పిల్లల చేత రాక్షసుణ్ని రాయించేటప్పుడు రెండు షరతులు పెట్టండి. వాడికి ఏ కులం, మతం, భాష, ఊరు ఉండకూడదు. వాడి ప్రాణం ఎక్కడుందో కథ ముగిసేలోగా తెలియాలి. మన ఫోనుకు భయపెట్టే సందేశం ఏదైనా వచ్చినప్పుడూ ఇవే చూద్దాం. ఎవరు చూశారు, ఎప్పుడు, ఎక్కడ అన్నదానికి జవాబు లేకపోతే మరొకరికి పంపకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి అడుగుదాం.