మీకు తెలుసా? సంగీతసభలలో ప్రచారము పొందిన అమృతాంజనము

నేఁడు తెలుగునాట ఇంటింటను పరిచితమైన అమృతాంజనము 1893వ సంవత్సరమున బొంబాయి నగరమునఁ బుట్టినదనియు, ఆ వ్యాపారమును నెలకొల్పినవారు కృష్ణాజిల్లా ఎలకుఱ్ఱు గ్రామమున జన్మించిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారనియు మీకుఁ దెలియునా?

పేరు వినని మందును వెలయిచ్చి కొనుటకు జనులు సంకోచించుట సహజమని యెఱిఁగిన పంతులుగారు, సంగీతసభలకు విచ్చేసిన శ్రోతలకు ఆ లేపనమును ఉచితముగాఁ బంచిపెట్టించి, తలనొప్పి తీఱి సుఖించినవాఁడే పదిమందికి దాని గుణమును జెప్పునట్లు చేసిరి. ఎంతటి అలంకృతమైన ప్రకటనకైనను లేని విశ్వసనీయత స్వానుభవమునకుఁ గలదను సత్యమును ఆయన ఆనాఁడే గ్రహించిరి.

అంతకంటెను స్మరణీయమైన విషయ మింకొకటి గలదు. ఆ వ్యాపారమున నార్జించిన ధనమును స్వీయభోగములకుఁ గాక, 1908లో బొంబాయినుండి వారపత్రికగా వెలువడి 1914లో మదరాసున దినపత్రికయైన ‘ఆంధ్రపత్రిక’కును, 1924లో ఆరంభమైన ‘భారతి’ మాసపత్రికకును, ‘ఆంధ్రగ్రంథమాల’ ప్రచురణలకును ఆయన ధారవోసిరి. కావున, ఒక చిన్న సీసాలోని పసుపుపచ్చని లేపనమునకు లభించిన ప్రజాదరణము తెలుగు పత్రికారచనను, సాహిత్యమును, జాతీయోద్యమ చైతన్యమును సైతము పోషించినది. వాణిజ్యము లోకహితముతో జతగూడినప్పుడు ఎంతటి ఫలము నీయఁగలదో చాటుటకు ఇంతకు మించిన నిదర్శనము అరుదు.