మూడు గోల్ఫ్ కోర్సులు, నలుగురు ఫ్రెండ్స్: లెవెల్ వేరైనా కలిసి ఆడే లెక్క

ఈరోజు టాపిక్ గోల్ఫ్. "డబ్బున్నోళ్ల ఆట, మనకెందుకు బ్రో" అని స్క్రోల్ చేసేయకండి. ఇందులో ఒక మంచి లెక్క ఉంది.

క్రికెట్ పిచ్ ఎక్కడైనా 22 గజాలే. టెన్నిస్ కోర్టు కొలతలు ఎక్కడైనా ఒకటే. గోల్ఫ్ గ్రౌండ్‌లో మాత్రం ఎక్కడికెళ్లినా మారనిది బంతి పడాల్సిన గుంత సైజు. వెడల్పు 108 మిల్లీమీటర్లు. మిగతాదంతా ఆ ఊరి నేల, గాలి ఎలా ఉంటే అలా. అందుకే గోల్ఫ్ ట్రిప్ అంటే ఒకదానికొకటి పోలికలేని కోర్సులు చూసుకోవాలి. మేం నలుగురం, అంటే నేనూ పాత ఆఫీస్ ఫ్రెండ్స్ ముగ్గురూ, స్కాట్లాండ్ వెళ్లినప్పుడు అదే చేశాం.

మొదటిది సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్. సముద్రానికీ పొలాలకీ మధ్య ఉండే ఇసుక నేలని అక్కడ లింక్స్ అంటారు. చెట్లు ఉండవు, నేల గట్టిగా ఉంటుంది, గాలి ఆగదు. బంతిని ఎత్తుగా కొడితే గాలి పట్టుకుపోతుంది. కిందుగా కొట్టి దొర్లించాలి. 1764లో ఇక్కడ 22 హోల్స్‌ని 18కి తగ్గించారు. తర్వాత ప్రపంచమంతా 18కే వచ్చింది. ఇసుక గుంతలు, అంటే బంకర్లు, 112 ఉన్నాయి. ఆదివారం సాధారణంగా ఆట ఉండదు, ఊరివాళ్లు కుక్కల్ని తీసుకుని తిరుగుతుంటారు. ముందే బుకింగ్ దొరక్కపోతే రెండు రోజుల ముందు లాటరీలో పేరు ఇవ్వొచ్చు. అందుకే మేం మకాం ఆ ఊళ్లోనే పెట్టాం. ఒకరోజు రాకపోయినా ఇంకోరోజు ట్రై చేయొచ్చు కదా.

రెండోది కార్నూస్టీ. ఇదీ లింక్సే, కానీ కనికరం లేని లింక్స్. చివరి హోల్స్‌లో బ్యారీ బర్న్ అనే వాగు మెలికలు తిరుగుతూ అడ్డొస్తుంది. 1999 ఓపెన్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ చివరి హోల్‌కి 3 షాట్ల ఆధిక్యంతో వచ్చాడు. అక్కడ 6 షాట్లలో ముగించినా కప్పు అతనిదే. బంతి వాగులో పడింది, మొత్తం 7 అయ్యాయి. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు.

మూడోది గ్లెనీగల్స్ కింగ్స్ కోర్స్. సముద్రానికి దూరంగా, గుట్టల మధ్య ఉంటుంది. జేమ్స్ బ్రెయిడ్ డిజైన్ చేస్తే 1919లో మొదలైంది. ఇక్కడ ఎత్తుపల్లాలే అసలు పరీక్ష. బంతి ఎంత దూరం వెళ్తుందో కంటికి తెలీదు, ఎక్కేసరికి మోకాళ్లకి తెలుస్తుంది.

ఇక అసలు సమస్య. మాలో ఒకడు ఏడాది కిందటే ఆట మొదలుపెట్టాడు. టికెట్లు బుక్ చేసే ముందు "నా వల్ల మీ ఆట పాడవుతుంది రా, మీరు ముగ్గురూ వెళ్లండి" అన్నాడు. అతను లేకపోతే ఆ ట్రిప్‌కి అర్థం లేదు. అప్పుడు పనికొచ్చిందే ఈ లెక్క.

హ్యాండిక్యాప్ అంటే మీ లెవెల్ చెప్పే నంబర్. బాగా ఆడేవాళ్లకి తక్కువ, కొత్తవాళ్లకి ఎక్కువ, గరిష్ఠం 54. కోర్సుకి కూడా స్లోప్ అనే నంబర్ ఉంటుంది: 55 నుంచి 155 వరకు, స్టాండర్డ్ 113. మీ నంబర్‌ని స్లోప్‌తో గుణించి 113తో భాగిస్తే, ఆ కోర్సులో మీకు ఇచ్చే అదనపు షాట్లు వస్తాయి. దీనిపై ఇంకో చిన్న సవరణ ఉంటుంది, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఒకరి హ్యాండిక్యాప్ 8, ఇంకొకరిది 30, కోర్స్ స్లోప్ 135 అనుకోండి. మొదటివారికి 10, రెండోవారికి 36. అంటే తేడా 22 నుంచి 26కి పెరిగింది. కష్టమైన కోర్సు కొత్తవాళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుందని ఆ ఫార్ములాకి ముందే తెలుసు!

దీనికి స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్లు కలపండి. అదనపు షాట్లు తీసేశాక, ఆ హోల్‌కి పెట్టిన లెక్క, అంటే పార్, సరిపోతే 2 పాయింట్లు. ఒకటి ఎక్కువైతే 1, అంతకు మించితే సున్నా. 36 షాట్లు వచ్చినవాళ్లు పార్ 4 హోల్‌ని 6లో ముగించినా 2 పాయింట్లు వస్తాయి. ఒక హోల్ పూర్తిగా చెడిపోయిందా? సున్నా రాసుకుని బంతి జేబులో వేసుకుని నెక్స్ట్ హోల్‌కి వెళ్లిపోవచ్చు. వాన్ డి వెల్డ్‌కి ఆ వెసులుబాటు లేదు, అక్కడ ప్రతి షాట్టూ లెక్కే.

ఇదంతా ఫోన్‌లో లెక్కేసి చూపిస్తే మావాడు ఒప్పుకున్నాడు. మూడు కోర్సులూ కలిపి మూడో స్థానంలో వచ్చాడు. నాలుగో స్థానం ఎవరిదో నేను చెప్పను, మీరే గెస్ చేయండి.

మీ గ్యాంగ్‌లో కూడా "నేను రానులే" అనేవాళ్లు ఒకరుంటారు. రూల్స్ వాళ్లకి సరిపడేలా పెట్టడం దయ కాదు ఫ్రెండ్స్, దానివల్లే ఆట చివరిదాకా అందరికీ ఆటగా ఉంటుంది. డౌట్స్ ఉంటే కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!