సైనికుని గుండె జారేది ఎవరి మాటకు?

యెరూషలేము ముట్టడిలో ఉన్న దినములలో యిర్మీయా ప్రవక్త మీద అధిపతులు మోపిన నేరమేమిటో జ్ఞాపకం చేసుకోండి. దొంగతనం కాదు, దేవదూషణ కాదు. పట్టణంలో మిగిలిన యోధుల చేతులను ఈ మనిషి తన మాటలతో బలహీనం చేస్తున్నాడని వారి ఫిర్యాదు. అది యిర్మీయా 38వ అధ్యాయంలో ఉంది. కల్దీయులతో పోరాడి ప్రయోజనం లేదనీ, లోబడితే ప్రాణాలైనా దక్కుతాయనీ ఆయన అందరూ వినేలా చెబుతున్నాడు. సిద్కియా రాజు కాదనలేక ఆయనను వారికి అప్పగించాడు. వారు త్రాళ్లు కట్టి గోతిలోకి దింపారు. అందులో నీళ్లు లేవు, బురద ఉంది.

ఇరవై ఆరు వందల ఏళ్లనాటి ఈ నేరారోపణ ఇంకా పాతబడలేదు. ఏ దేశంలో యుద్ధం వచ్చినా, ఎవరైనా వీధిలోకి వచ్చి ఈ యుద్ధం వద్దంటే, వెంటనే వినబడే జవాబు ఇదే: సరిహద్దులో ఉన్న మన బిడ్డల మనోధైర్యం దెబ్బతింటుంది, మీరు నోరు మూసుకోండి! మన సంఘాలలో కొడుకును సైన్యానికి పంపిన తల్లులున్నారు. లోకసమాధానం కోసం ప్రార్థించండని ఆదివారం చెప్పే కాపరులమూ ఉన్నాము. ఆ తల్లి వింటుండగా మేము ఆ ప్రార్థన చేయవచ్చా, చేస్తే ఆమె కుమారునికి కీడు చేసినట్టా? ఇది మనం తేల్చుకోవలసిన సంగతే.

యిర్మీయా సంగతికి తోడుగా మరో సాక్ష్యం కూడా దొరికింది. 1935లో లాకీషు పట్టణపు శిథిలాలు త్రవ్వుతుండగా కుండ పెంకుల మీద సిరాతో వ్రాసిన ఉత్తరాలు బయటపడ్డాయి. అవి కూడా ఆ ముట్టడి కాలానివే. వాటిలో ఆరవ ఉత్తరంలో ఒక సైనికాధికారి తన పైవానికి మొరపెట్టుకుంటాడు. చేతులు బలహీనమయ్యే మాటలు వస్తున్నాయని అక్కడా అదే పలుకుబడి. అయితే ఎక్కువమంది పండితులు చదివిన ప్రకారం ఆ మాటలు ప్రవక్తవి కావు, అధిపతులవి! పట్టణంలో కూర్చున్నవారు ప్రవక్తను నిందిస్తుంటే, బయట కోట కాస్తున్నవాడు పట్టణంలోని పెద్దలను నిందిస్తున్నాడు.

ఇక మన ప్రాంతానికి వద్దాము. 1940లో గాంధీగారు వ్యక్తి సత్యాగ్రహం ఆరంభించారు. మన దేశాన్ని అడగకుండా బ్రిటిషువారు మనలను యుద్ధంలోకి లాగారు గనుక, ఆ యుద్ధానికి మనుషులనుగాని ధనమునుగాని ఇవ్వడం తప్పని బహిరంగంగా ప్రకటించి జైలుకు పోవడమే ఆ సత్యాగ్రహం. అక్టోబరు 17న వినోబా భావే మొదలుపెట్టారు. మన ఆంధ్రలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి వంటివారు జైలుకు వెళ్లారు. దేశమంతటా జైలుకు పోయినవారు 20 వేలకు పైమాటే. సైన్యంలో చేరవద్దని ఇంత సూటిగా చెప్పిన నిరసన మన దేశ చరిత్రలో మరొకటి కనబడదు.

మరి ఏమయింది? 1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలయింది. బలవంతపు భర్తీ లేదు. పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఒక్క ఊరి నుండే వందలమంది వెళ్లారు, ఆ ఊరికి మిలిటరీ మాధవరం అన్న పేరే స్థిరపడింది. మద్రాసు శాపర్లు అనే ఇంజనీరింగు దళంలో తెలుగువారికి, క్రైస్తవులకు, ఆది ద్రావిడులకు చాలా కాలంగా చోటుండేది. నెలనెలా జీతం, కడుపునిండా అన్నం, ఒంటి మీద దుస్తులు, ఊరిలో ఎవరూ పిలవని మర్యాదతో ఒక పిలుపు... ఇవి దొరికే చోటికి పేదవాని బిడ్డ వెళ్లాడంటే ఆశ్చర్యమేముంది? సత్యాగ్రహుల కేక వారికి వినబడలేదని కాదు. ఇంటిలోని ఆకలి కేక అంతకంటే గట్టిగా వినబడింది.

వెళ్లినవారు పోరాడారు కూడా. ఆ శాపర్లలోనే సుబేదారు సుబ్రమణ్యన్ అనే దక్షిణాదివాడు 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో, పేలబోతున్న మందుపాతర మీద తన శరీరాన్ని పడవేసి తోటివారిని బ్రతికించాడు. భారత సైన్యంలో జార్జి క్రాస్ పొందిన మొదటివాడు ఆయనే. ఆ క్షణాన ఆయన కళ్లముందు ఉన్నది పక్కనున్న మనుషులే. యుద్ధం తరువాత 1948లో షిల్స్, జానోవిట్జ్ అనే ఇద్దరు పండితులు జర్మను సైనికులను గురించి పరిశోధించి ప్రకటించినది కూడా ఇదే. ఓడిపోతున్నా వాళ్లు నిలబడింది హిట్లరు సిద్ధాంతం కోసం కన్నా తమ చిన్న గుంపులోని తోటివారి కోసమని. ఆ గుంపు చెదిరినప్పుడే వాళ్లు చెదిరారు.

ఆ సంవత్సరాలలో మన సైనికులు క్రుంగిపోలేదా? క్రుంగిపోయారు. 1942లో బర్మా నుండి వెనక్కు నడిచి వచ్చినప్పుడు మలేరియాతోను, ఓటమితోను, శిక్షణ చాలక పోయినందువల్లను క్రుంగారు. 1942 ఏప్రిల్ 6న జపానువారు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశారు. తీరమంతా జనం ఇళ్లు విడిచి పారిపోతుంటే దూరదేశంలో ఉన్న కొడుకు మనస్సు ఎలా ఉంటుంది? 1943లో బెంగాలు కరువు వచ్చింది. దానివల్ల 30 లక్షలమంది వరకు చనిపోయారని అంచనా. సైన్యంలో ఉత్తరాలను విప్పి చదివే అధికారులుండేవారు. సైనికుల మనోస్థితిని గురించి వారు పైకి నివేదికలు పంపేవారు. ఇంటిలో బియ్యం దొరకడం లేదని, ధరలు పెరిగాయని వచ్చిన ఉత్తరాలు సైనికులను ఎంత కలవరపెడుతున్నాయో ఆ నివేదికలలో వ్రాశారు. ఉపన్యాసాలకు చలించని గుండెను ఇంటి ఉత్తరం కదిలించింది.

అయితే నిరసన సైనికుని తాకనే తాకదని చెప్పేవారితో కూడా నేను ఏకీభవించను. 1942 ఆగస్టు 12న మన తెనాలిలో జనం రైల్వే స్టేషనుకు నిప్పుపెట్టారు. పోలీసులు కాల్చగా ఏడుగురు చనిపోయారు. ఈనాటికీ రణరంగ చౌక్‌లో వారి జ్ఞాపకచిహ్నం ఉంది. మద్రాసు నుండి కలకత్తాకు పోయే మార్గం అదే, మన చుండూరు స్టేషను దాటి వెళ్లే ఆ పట్టాలే. ఆ ఉద్యమాన్ని అణచడానికి దేశంలో యాభైకి పైగా బెటాలియన్లను దించారు. అప్పుడు సైన్యం మాట వింది. నాలుగేళ్లు తిరగకుండానే, 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో నౌకాదళం వారు తిరుగబడ్డారు. మొదటి తగాదా చెడిపోయిన అన్నం మీద, అధికారి తిట్టిన తిట్ల మీద. కాని అంతకు ముందే ఎర్రకోటలో ఆజాద్ హింద్ సైనికుల విచారణ జరిగి, దేశమంతా వారి కోసం కేకలు వేసింది. ఆ కేక ఓడలలోకి చేరింది. విత్తువాని ఉపమానం మనకు తెలిసినదే. నిరసన మాట విత్తనం వంటిదైతే, అన్యాయం, అవమానం నేలను ముందే దున్ని ఉంచాయి. నేల దున్నకుండా ఉన్న 1940లో ఆ విత్తనం సైన్యంలో మొలవలేదు.

అమెరికా వియత్నాం యుద్ధంలోనూ ఇదే చూస్తాము. 1967 ఏప్రిల్ 4న బాప్తిస్టు కాపరి మార్టిన్ లూథర్ కింగ్ ఆ యుద్ధానికి విరోధంగా న్యూయార్కులోని రివర్‌సైడ్ చర్చిలో ప్రసంగించినప్పుడు, సైనికులకు ద్రోహం చేశాడన్న నింద ఆయనకూ తప్పలేదు. కాని గెలుపు దగ్గరలో ఉందని చెబుతూ వచ్చిన పెద్దల మాటను 1968 జనవరి చివర శత్రువు చేసిన దాడి బద్దలు చేసింది. ఒక్కొక్క సైనికుడిని ఏడాదికి ఒంటరిగా పంపి ఒంటరిగా రప్పించే పద్ధతి వలన ఆ తోటివారి గుంపు కుదురుకోనే లేదు. 1971 ఏప్రిల్‌లో వందలమంది ఆ యుద్ధం చేసివచ్చిన సైనికులే తమ పతకాలను వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మెట్ల మీదికి విసిరివేశారు. అప్పటికి నిరసన వీధిదా, బ్యారక్‌దా అని విడదీయడం కష్టం.

నాకు అన్నిటికంటే కష్టమైన ఉదాహరణ శ్రీలంక. 1987 జూలై 29న ఒప్పందం కుదిరి మన సైన్యం శాంతి కాపాడడానికి వెళ్లింది. అక్టోబరు నాటికి, ఎవరిని కాపాడడానికి వెళ్లిందో ఆ తమిళుల ఊళ్లలోనే పులులతో యుద్ధం చేయవలసి వచ్చింది. తమిళులు, మలయాళీలు, కన్నడిగులతో పాటు మన తెలుగు బిడ్డలూ ఉండే మద్రాసు రెజిమెంటు బెటాలియన్లు కూడా అక్కడ పనిచేశాయి. 1,100 మందికి పైగా మన సైనికులు చనిపోయారు. ఆ కాలమంతా సముద్రానికి ఇవతల తమిళనాడులో ఆ యుద్ధానికి విరోధంగా సభలు, ఊరేగింపులు. 1990 మార్చిలో ఆఖరి దళం మద్రాసు రేవుకు వచ్చినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధిగారు స్వాగతానికి వెళ్లలేదు. తన వారైన తమిళులను చంపిన సైన్యాన్ని స్వాగతించలేనన్నది ఆయన భావన.

ఆ యుద్ధం వద్దనే హక్కు తమిళ ప్రజలకు ఉంది. సైన్యాన్ని వెనక్కు పిలవమన్నవారి మాటే చివరకు ఢిల్లీలోనూ నెగ్గింది. అందువలన మన జవాను తుపాకీ దించివేయలేదు, ఆజ్ఞ వచ్చేవరకు నిలబడ్డాడు. కాని ఆ రేవు సంగతి వేరు. యుద్ధాన్ని పంపినవారు ఢిల్లీలో ఉన్నారు, ఓడ దిగినవాడు వారు పంపగా వెళ్లినవాడు. నా మట్టుకు నాకు, అక్కడ గురి తప్పిందనే అనిపిస్తుంది. ఆ సేనలో పనిచేసిన అధికారులు తరువాత వ్రాసిన జ్ఞాపకాలలో రెండు బాధలు పదేపదే వస్తాయి. ఎందుకు పోరాడుతున్నామో తేటగా చెప్పినవారు లేరన్నది ఒకటి, తిరిగివస్తే పలకరించినవారు లేరన్నది రెండవది. లంకలోనే, కొలంబో దగ్గర, వారి పేర్లతో స్మారకం వెలసింది, 2008లో!

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం తీసి చూడండి. యుద్ధానికి బయలుదేరే ముందు నాయకులు ఎవరెవరిని ఇంటికి పంపివేయాలో అక్కడ ఉంది. క్రొత్త ఇల్లు కట్టి ప్రతిష్ఠించనివాడు, తోట వేసి ఫలం తిననివాడు, ప్రధానం జరిగి పెళ్లికానివాడు. ఆ తరువాతే భయస్థుడు, వాని భయం సహోదరులకు అంటుకుంటుందని. భయం కంటే ముందు ఇల్లు, పొలం, పెండ్లి లెక్కకు వచ్చాయి. గుండె ఎక్కడ జారుతుందో మోషేకు తెలుసు.

ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు గనుకనే, యుద్ధ విధులలో ఉన్న సైనికుడు కోర్టుకు రాలేనప్పుడు అతని మీద దావా నడవకుండా ఆపడానికి 1925లోనే ప్రత్యేకంగా చట్టం చేశారు. మన ఊళ్లలో ఏమి జరుగుతోంది? కొడుకు లేని సమయం చూసి గట్టు జరుపుతారు. అప్పు తీర్చలేదని వాని భార్యను నలుగురిలో నిలబెడతారు. పూర్వం 56 ఏ.పి.ఓ. అని వ్రాసిన కవరులో ఈ సంగతులు చేరడానికి పది రోజులు పట్టేది. ఇప్పుడు సెల్‌ఫోనులో ఆ సాయంత్రమే చేరుతున్నాయి. గట్టు జరిపినవాడు జెండా పండుగనాడు సైనికులకు జై కొట్టేవాడే అయివుంటాడు. యుద్ధం వద్దని ప్రార్థించే కాపరి మీద ఫిర్యాదు చేసేవాడు కూడా అతడే కావచ్చు.

ఇటువంటి ఇబ్బందిలో ఉన్న సైనిక కుటుంబం మీ సంఘంలో ఉంటే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ ఇవ్వవచ్చని వారికి తెలియజేయండి. మాజీ సైనికులకే గాక, ఇప్పుడు పనిచేస్తున్నవారి కుటుంబాలకూ ఆ కార్యాలయం సహాయపడుతుంది. చదువురాని తల్లి అయితే మీరే అర్జీ వ్రాసిపెట్టి, కుమారుని సర్వీసు నంబరు, రెజిమెంటు పేరు అందులో తప్పక వేయండి.