మిగిలిన ఐదు గుండ్లు

సరకుల ఓడలో ఇంజిన్ పని నేర్చుకోవడానికి వెళ్లిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు, ఫిరంగి దళం కూలిపోయిన చోట తానే నిలబడ్డాడు. ఎడ్విన్ ఒహారా పోరాటమిది.

రెండో ప్రపంచ యుద్ధకాలం, 1942 సెప్టెంబరు 27. దక్షిణ అట్లాంటిక్‌లో పొగమంచు, వానజల్లులు. అమెరికాకు చెందిన లిబర్టీ రకం సరకుల ఓడ స్టీఫెన్ హాప్కిన్స్ కేప్‌టౌన్ నుంచి పారామరిబోకు వెళుతోంది. మంచు విడేసరికి ఎదురుగా రెండు జర్మన్ నౌకలు! వాటిలో స్టియర్ చూడ్డానికి మామూలు సరకుల ఓడే. లోపల మాత్రం ఆరు 150 మిల్లీమీటర్ల ఫిరంగులు. రెండోది, దానికి సామగ్రి అందించే టానెన్‌ఫెల్స్.

లొంగిపోవడానికి కెప్టెన్ పాల్ బక్ ఒప్పుకోలేదు. ఓడ వెనుక భాగాన్ని శత్రువు వైపు తిప్పించాడు. తమకున్న ఒకే ఒక్క పెద్ద ఫిరంగి, నాలుగంగుళాలది, అక్కడే ఉంది మరి.

ఒంటిచేత్తో...

వాణిజ్య ఓడల రక్షణకు అమెరికా నౌకాదళం కొద్దిమంది సైనికుల్ని పంపేది. హాప్కిన్స్‌లో వారి అధికారి కెన్నెత్ విలెట్. మొదట్లోనే కడుపులో తీవ్రంగా గాయమైనా ఫిరంగిని వదల్లేదు. నీటిమట్టం దగ్గర స్టియర్‌కు చిల్లులు పడేలా కాల్పులు జరిపించాడు. చివరికి ఫిరంగి కింది మందుగుండు గది పేలిపోయింది.

అప్పుడు వచ్చాడు కేడెట్ ఒహారా. అలాంటి ఫిరంగి పేలాలంటే గుండు అందించడానికి ఒకరు, నింపడానికి ఒకరు, గురి చూసి తిప్పడానికి మరొకరు కావాలి. ఒహారా అన్నీ తానే అయ్యాడు. పెట్టెలో మిగిలినవి ఐదు గుండ్లు. ఐదూ పేల్చాడు. అవి నేరుగా శత్రు నౌకకు తగిలాయని మరణానంతరం ఇచ్చిన పతకపు ప్రశంసాపత్రం చెబుతోంది. ఈలోగా శత్రువుల కాల్పులు అతన్ని తాకాయి. ఒహారా నేలకొరిగాడు. విలెట్, బక్ కూడా తిరిగి రాలేదు.

హాప్కిన్స్ మునిగింది. మంటల్లో చిక్కుకున్న స్టియర్‌ను కూడా అదే రోజు జర్మన్లే వదిలేసి ముంచేయాల్సి వచ్చింది. బతికినవాళ్లను రెండో సహాయ ఇంజినీరు జార్జ్ క్రోంక్ ఒకే పడవలో నడిపించాడు. మ్యాపులు లేవు. బయల్దేరిన 19 మందిలో 15 మంది 31 రోజులకు బ్రెజిల్ తీరం చేరారు.

ఆలస్యమైన గౌరవం

ఒహారా పేరుతో ఒక లిబర్టీ ఓడ, విలెట్ పేరుతో ఒక యుద్ధనౌక వచ్చాయి. కానీ యుద్ధం ముగిశాక నౌకాదళ సైనికుడికి చదువుకు, ఇంటికి సర్కారు సాయం అందింది. అతని పక్కనే గుండ్లు మోసిన వాణిజ్య నావికుడు పౌరుడి లెక్కలోనే ఉండిపోయాడు. అమెరికా అతన్ని మాజీ సైనికుడిగా గుర్తించింది 1988లో! అప్పటికి ఎంతోమంది కన్నుమూశారు. శత్రువు గుండుకు యూనిఫాం తేడా తెలియదు. ప్రాణం ఒడ్డినవాళ్ల మధ్య ఆ తేడా చూపించింది ప్రభుత్వమే. ఒహారా కథ చెప్పుకున్నప్పుడల్లా ఈ అన్యాయాన్నీ చెప్పుకోవాలి.