పాత ఆటలకు క్రొత్త పలక



పోయిన సంక్రాంతి సెలవులలో మా యింట నెలకొల్పిన యొక చిన్న యంత్రమును గూర్చి యీ సాయంకాలము మీకు విన్నవింపదలచితిని. ఈ వయస్సున ఆటలేమని నవ్వువారు నవ్వుదురు గాక. నా తమ్మునికి మూడేండ్ల క్రిందట పక్షవాతము సోకి కుడిచేయి స్వాధీనము తప్పినది. 1990 ప్రాంతమున పట్టణమున ఉద్యోగము చేయు దినములలో టెలివిజనునకు పెట్టె తగిలించి, కాసెట్టు గ్రుచ్చి ఆడు వీడియో ఆటలన్న అతనికి మిక్కిలి మక్కువ. ఇప్పుడో, పగలెల్ల గోడ చూచుచు పరుండును. మా మనుమడు సెలవులకు వచ్చియు సెల్‌ఫోనులో తలదూర్చి యొంటరిగా నుండును. ఈ యిరువురను ఒక్క తెర యెదుట కూర్చుండబెట్టవలెనని నా కోరిక.

ఇందులకై నేను తెప్పించినది రాస్ప్‌బెర్రీ పై యను ఒంటిపలక కంప్యూటరు. బాలురు కంప్యూటరు విద్యను చౌకగా నేర్చుకొనవలెనను తలంపుతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున దీనిని రూపొందించిరి. మొదటి పలక 2012 ఫిబ్రవరి 29వ తేదీన అమ్మకమునకు వచ్చినది. నేను కొన్నది 2016లో వెలువడిన మూడవ తరమునకు చెందినది. వెడల్పున పేకముక్కను మించదు.

ఈ పలక పాత ఆటలను ఎట్లాడించునని మీరడుగవచ్చును. పగటివేషగాండ్రను మీరెరుగుదురు. నిన్న శక్తివేషము కట్టినవాడే నేడు సోమయాజులై మన వాకిట నిలుచును. ఈ పలకయు అట్లే ఒక్కొక్క పాత యంత్రపు వేషము కట్టును. 1983లో జపానునందు నింటెండో వారు విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రమునకు పని చేసికొనుటకు గల జ్ఞాపకస్థానము 2 కిలోబైట్లు మాత్రమే. నా పలకకు ఒక గిగాబైటు కలదు, అనగా ఐదు లక్షల రెట్లకు పైమాట. అంతటిది యింతదాని వేషము కట్టుట వింత కాదు. ఈ వేషములన్నిటిని ఒకచోట కూర్చిన రెట్రోపై యను కార్యక్రమము ఉచితముగా లభించును.

మొదట 32 గిగాబైట్ల మెమరీ కార్డును వేరొక కంప్యూటరునకు తగిలించి, దానిపై రెట్రోపైని వ్రాయించితిని. అంతకుముందు కార్డుపై నున్నదంతయు చెరిగిపోవును గనుక, ఇంటిలోని పెండ్లి ఫొటోల కార్డును దీనికి వాడరాదు. కార్డును పలకలో నుంచి, హెచ్.డి.ఎం.ఐ. తీగతో టెలివిజనునకు కలిపి, కట్టకడపట విద్యుత్తు నీయవలెను.

ఇచ్చటనే నేను పొరబడితిని. ఇంట పడియున్న ఫోను ఛార్జరు చాలునని తగిలించితిని. తెరమూల మెరుపుగుర్తు కనబడుచుండెను, ఆట నత్తనడక నడచెను. రెండు దినములు పలకనే నిందించితిని. ఆ గుర్తునకు విద్యుత్తు చాలదని యర్థమని పిమ్మట తెలిసినది. ఈ తరపు పలకకు 5 వోల్టుల చొప్పున రెండున్నర ఆంపియర్ల నీయగల ఛార్జరు కావలెను. అది తెచ్చిన వెంటనే మెరుపు మాయమైనది.

ఇక కంట్రోలర్ల సంగతి. తెర వెలిగిన తోడనే యంత్రము ఒక బొత్తామును నొక్కిపట్టుమనును. పిదప పైకి, క్రిందికి, ఎడమకు, కుడికి, 'ఏ', 'బి' అని యొక్కొక్కటే అడుగును. ఏ పనికి ఏ బొత్తాము నొక్కితిమో ఆ పనికి అదియే స్థిరపడును. లేనిదాని నడిగినచో ఏదో యొక బొత్తామును కొంతసేపు నొక్కిపట్టిన దాటిపోవును. సామాన్యముగా దిక్కులు ఎడమచేతికి, 'ఏ', 'బి' లు కుడిచేతికి వచ్చును. తమ్మునికి కుడిచేయి లేదు గదా! 'ఏ' అని యడిగినప్పుడు కంట్రోలరు ఎడమభుజమున చూపుడువ్రేలి క్రింద నున్న బొత్తామును, 'బి' అన్నప్పుడు దాని వెనుకదానిని నొక్కితిని. దిక్కులకు బొటనవ్రేలు, ఎగురుటకు చూపుడువ్రేలు, కొట్టుటకు నడిమివ్రేలు; అంతయు ఒక్క చేతనే.

ఇంతలో మనుమడు మొరపెట్టెను: "తాతయ్యా, నాదియు ఎడమచేతిదే అయినది!" నేను కొన్న కంట్రోలర్లు రెండును ఒకే జాతివి. యంత్రము వానిని పేరునుబట్టి గుర్తించును గనుక ఒకదానికి చేసిన యేర్పాటు రెండవదానికిని వర్తించును. వేరొక జాతిదానిని తెచ్చి వానికి మామూలుగా అమర్చితిని. చేతులందు భేదము గలవారుండు ఇండ్లలో ముందే వేరువేరు జాతులవి కొనుట మేలు.

రెట్రోపైతో పేరుబడ్డ ఆటలు రావు. అవి వాని యజమానుల సొత్తు. ఊరక దొరకినంత మాత్రమున తెచ్చుకొనదగదు. పాత యంత్రములకై నేటికిని క్రొత్త ఆటలు వ్రాయువారు కలరు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ యనునది అట్టిది, మొత్తము 40 కిలోబైట్లు. మాంత్రికులు కలిసి బురుజు లెక్కు ఆట యిది. వెల యిచ్చి కొంటిని. పెన్‌డ్రైవులో రెట్రోపై పేరిట నొక సంచిక చేసి పలకకు గ్రుచ్చగా, ఏ యంత్రపు ఆట కా అర అందులో ఏర్పడినది. ఆటను తగిన అరలో నుంచి మరల గ్రుచ్చితిని, అది పలకలోనికి చేరినది.

మొదటి రాత్రి తమ్ముడు నాలుగడుగులెక్కి పడెను, మరల పడెను. మనుమడు పైనుండి "చిన్నతాతా, ఎడమకు!" అని కేకలు. తొమ్మిది గంటలకు నేను తీగ లాగబోగా, "అన్నయ్యా, ఆగు. ఊరక లాగిన కార్డు చెడునని నీవే చెప్పితివి" అని తమ్ముడు పట్టికలో షట్‌డౌనును తానే యెన్నుకొని, ఎడమచేత బొత్తాము నొక్కెను.